నెమ్ము కాలం

మా అమ్మమ్మ నోట 'నెమ్ము' అనే మాట మూడు చోట్ల వినపడేది. గోడకి నెమ్మెక్కింది అనేది. పురిలో వడ్లకి నెమ్ము తగిలింది అనేది. పిల్లకి నెమ్ము చేసింది అనేది. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో, మట్టి గోడల తాటాకింట్లో ఈ మూడూ ఇంచుమించు అవే నెలల్లో జరిగేవి కాబట్టి ఆవిడకి మూడు మాటలతో పని లేకపోయింది. ఇప్పటికీ డాక్టరు న్యుమోనియా అన్నా, బ్రాంకియోలైటిస్ అన్నా, బయటికొచ్చి మనవాళ్ళతో చెప్పేటప్పుడు మనం వాడేది ఆ మాటే. గోడలోకి పాకినట్టు పసిగుండెల్లోకి పాకిన తడి.

ఈ మాటతో నాకొక పేచీ ఉంది. నెమ్ము ఎలా చేసిందని అడిగితే ఊళ్ళో రెండే జవాబులు. ఒకటి, కాలం అలాంటిది. రెండు, తల్లికి జాగ్రత్త లేదు. కాలాన్ని ఎవరూ నిలదియ్యలేరు. కాబట్టి చివరికి తల్లే మిగులుతుంది. బందరు, గుడివాడ, దివిసీమల చరిత్రని పసిపిల్లల ఊపిరి వైపు నుంచి చదవాలని కూర్చున్నప్పుడు నాకు అడుగడుగునా ఎదురైంది ఈ రెండు జవాబులే. ఈ రెండింటి మధ్యా దాగిపోయిన మూడోది ఒకటుంది. ఆ కాలంలో ఆ తల్లి ఎక్కడ, ఏం పని చేస్తోంది?

ముందు కాలం సంగతి. పసిపిల్లల ఊపిరి జబ్బులు ఏడాది పొడుగునా ఒక్కలా రావు. ఏడాదిలోపు బిడ్డలకి ఆయాసం తెప్పించే వైరస్‌లలో ముఖ్యమైనది ఆర్‌ఎస్‌వి. 1956లో అమెరికాలో ముందు చింపాంజీల్లో దీన్ని కనుక్కున్నారు, మరుసటేడు పసిపిల్లల్లో గుర్తించారు. ఉత్తర భారతంలో అది ఎక్కువగా చలికాలపు జబ్బు. దక్షిణాదిన వానలతో మొదలై వానల చివరిదాకా విజృంభిస్తుంది. ఇన్‌ఫ్లూయెంజా కూడా మన వైపు వానల్లోనే ఒకసారి బాగా లేస్తుంది. వైరస్ దారి చేశాక దాని వెనకాలే న్యుమోనియా బాక్టీరియా దిగుతుంది. ఈ లోగా తిరుగు రుతుపవనాలు, చిత్త స్వాతి కార్తెల వానలు, తుపాన్లు. అవి వెలిశాక ధనుర్మాసపు మంచు. అంటే డెల్టాలో పసిబిడ్డ ఊపిరికి గండం ఆషాఢంలో మొదలై సంక్రాంతి దాటేదాకా ఆగి ఆగి నడుస్తుంది. మధ్యలో రెండు మిట్టలు. ఒకటి వానలప్పుడు, ఒకటి మంచప్పుడు.

ఇప్పుడు ఇదే క్యాలెండర్ మీద పొలం పనుల్ని పెట్టి చూడండి. జూన్‌లో కాలవలకి నీళ్ళొదులుతారు. నారుమళ్ళు పోస్తారు. జులై, ఆగస్టుల్లో ఊడ్పులు. వరి నాటేది ఆడవాళ్ళే. మోకాలిలోతు బురదలో, నడుం వంచి, వీపు మీద గోనెసంచి మడత కప్పుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా. తర్వాత కలుపు. కార్తీకం దాటాక కోతలు, కట్టేతలు, కుప్పలు, నూర్పిళ్ళు. ఆడ కూలీకి పని దండిగా దొరికే రోజులు ఏడాదిలో ఇవే. ఏడాదికి సరిపడా గింజలు ఇంటికి చేరాలంటే ఆ రోజులు పోగొట్టుకోవడానికి లేదు. పిల్లలకి ఆయాసం వచ్చే రెండు మిట్టలూ సరిగ్గా ఆ రోజుల మీదే పడతాయి. అయిదు నెలల బిడ్డని గట్టు మీద తుమ్మచెట్టుకి చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టాలి, లేదా ఎనిమిదేళ్ళ కూతుర్ని బడి మాన్పించి ఇంట్లో కాపలా పెట్టాలి. తల్లిపాలు తాగే బిడ్డకి ఊపిరి జబ్బుల నుంచి రక్షణ ఎక్కువని వైద్యం చెప్తుంది. మంచిదే. నాట్లు వేసే చోటికీ ఇంటికీ మధ్య దూరం ఎంతో మాత్రం వైద్యం చెప్పదు.

పొయ్యి విషయం ఇంకొకటి. ఎండాకాలంలో కూలి ఇళ్ళల్లో వంట ఆరుబయటే. ఇంటి ముందు మూడు రాళ్ళో, మట్టి పొయ్యో. వాన పడ్డ రోజున ఆ పొయ్యి లోపలికి వస్తుంది. ఒక్కటే గది, చూరు వంగితే గాని దూరలేనంత కిందకి. లోపల తడిసిన కంప, తాటాకు, పిడకలు. గుడివాడ చుట్టుపక్కల రైసుమిల్లుల ఊక చవగ్గా దొరికేది కాబట్టి ఊకపొయ్యిలు. తడి వంటచెరుకు మండదు, రాజుకుంటుంది. ఇంట్లో అందరూ అదే గదిలో, తలుపు చెక్క వేసుకుని, ఒకళ్ళ దగ్గు ఒకళ్ళ మీద. తల్లి పొయ్యి దగ్గర, బిడ్డ తల్లి చంకలో. కాబట్టి బిడ్డ కూడా పొయ్యి దగ్గరే. కాలం మారడం అంటే మొగవాళ్ళకి ఆకాశంలో మబ్బు, ఆడవాళ్ళకి పొయ్యి లోపలికి రావడం.

డెల్టా ఎప్పటినుంచో ఇలాగే తడిసి లేదు. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేశారు. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఆర్ చేతిపని. అంతకుముందు 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ఆ కరువు తలుచుకుంటే ఆనకట్టని తిట్టడానికి నోరు రాదు, నేను తిట్టబోవడమూ లేదు. మెట్ట పంటల నేల మాగాణి అయింది. బందరు కాలవ మీద పడవలు నడిచాయి. గుడివాడ బియ్యానికి పేరొచ్చింది. అయితే మాగాణి అంటే నీళ్ళే కాదు. ఎకరాకి ఎన్నో చేతులు కావాలి, అందులో సగానికిపైగా ఆడచేతులు, అదీ వానలో. ఆనకట్ట చరిత్రలు రాసినవాళ్ళు సాగులోకి వచ్చిన ఎకరాలు లెక్కేశారు, శిస్తు లెక్కేశారు. ఆ ఎకరాల్లో నాటు వేసినవాళ్ళు పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టారన్నది ఆదాయవ్యయాల్లోకి వచ్చే విషయం కాదు కదా.

లెక్కల మాట వచ్చింది కనక. గోర్డన్ మెకంజీ 1883లో కృష్ణా జిల్లా మాన్యువల్ వేశాడు. జమీందారీలు, కాలవలు, బందరు కోట, ఉప్పెనలు అన్నీ ఉన్న లావుపాటి పుస్తకం. జనన మరణాల రిజిస్ట్రేషన్ కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో 1899లో చట్టం చేశారు. ఊళ్ళో రాసేది గ్రామ మునసబు. చావుకి కారణాల గడులు కొన్నే. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, దెబ్బలు, ఇతర కారణాలు. ఊపిరితిత్తుల జబ్బులకి విడిగా గడి వచ్చింది తర్వాతెప్పుడో. వచ్చినా ఒళ్ళు కాలి, రొప్పి రొప్పి పోయిన పసిబిడ్డ 'జ్వరం' గడిలోకే వెళ్ళడం తేలిక. ఆ గడి ఎలా నిండుతుందో ఒకసారి ఊహించండి. బిడ్డ పక్కన మూడు రాత్రులు కూర్చున్నది తల్లి. ఏం జరిగిందో చూసింది ఆమె. ఆమె భర్తకో మామకో చెప్తుంది. వాళ్ళు తలారికి చెప్తారు. తలారి మునసబుకి చెప్తాడు. మునసబు తనకి తోచిన గడిలో గీత గీస్తాడు. మాలపల్లె మాదిగపల్లెల చావులైతే ఆ గీత కూడా ఎప్పుడు పడిందో. డొక్కలు ఎగరేసింది, ముక్కుపుటాలు అదిరాయి, పాలు పట్టలేకపోయింది, పిల్లికూతలు వచ్చాయి, పెదాలు నల్లబడ్డాయి అని ఆ తల్లి చెప్పిన మాటలన్నీ దారిలోనే రాలిపోయి చివరికి ఒక్క 'జ్వరం' మిగులుతుంది. మునసబు, కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయ్యేదాకా ఊరి చావుల జ్ఞాపకం ఇలా మొగవాళ్ళ చేతిరాతలోనే ఉండిపోయింది.

బందరులో స్త్రీలు తమ మాటలు తామే రాసుకోవడం అప్పటికే మొదలైంది. భండారు అచ్చమాంబ 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. తొలి తెలుగు కథకురాలిగా, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన చరిత్రకారిణిగా ఆమెని మనం తిరిగి తెచ్చుకున్నాం. ఆమె జీవితంలో ఇంకో విషయం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. ఆమెకి ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు. ఆ తర్వాత ఆమె వేరేవాళ్ళ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించింది. ముప్ఫై ఏళ్ళు నిండిన కొద్దిరోజులకే, 1905 జనవరిలో, ప్లేగు రోగులకి సేవ చేస్తూ ఆ జబ్బుతోనే పోయింది. పిల్లలు పోవడం ఆ తరంలో ఎంత మామూలు సంగతంటే, ఆమె జీవితచరిత్రల్లో అది ఒక్క వాక్యంలో అయిపోతుంది, ఆ వాక్యం తర్వాత ఆమె సంఘసేవ మొదలవుతుంది. పిల్లలు పోవడం వల్ల ఆమెకి తీరిక దొరికిందన్నట్టు! తెలుగునాట మొట్టమొదటి స్త్రీ సమాజాల్లో కూర్చున్న ఆడవాళ్ళలో పిల్లల్ని పోగొట్టుకోనివాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? ఆ సమావేశాల్లో చర్చించిన స్త్రీ విద్య వెనక ఈ దుఃఖం ఉందనే నేననుకుంటాను. చదువొస్తే బిడ్డ బతుకుతుందేమోనన్న ఆశ.

ఆ ఆశకి జవాబుగా వచ్చింది 'శిశుపోషణ' అనే బోధ. అదే 1902లో మొదలైన 'హిందూ సుందరి' లాంటి స్త్రీల పత్రికల్లో, తర్వాత వచ్చిన చిన్న చిన్న పుస్తకాల్లో పిల్లల పెంపకం మీద పాఠాలు వస్తూనే ఉండేవి. శుభ్రత, గాలి వెలుతురు, వేళకి పాలు. చెడ్డ మాటలేమీ కావు. కాని ఆ పాఠం ఒక తల్లిని ఊహించుకుని చెప్పేది. పెంకుటిల్లు, విడిగా వంటిల్లు, పురిటి గది, నీళ్ళు తోడిపెట్టే పనిమనిషి ఉన్న తల్లిని. ఆ పనిమనిషి బిడ్డ సంగతి పాఠంలో ఉండదు. పైగా బిడ్డ బతకడం తల్లి వివేకం మీద ఆధారపడిందని పదేపదే చెప్పేసరికి, బిడ్డ పోతే అది ఆమె అవివేకం అయింది. అమ్మలక్కల నింద ఒకటి ఉండగా, సంస్కర్తల నింద ఇంకొకటి అచ్చులో వచ్చి చేరింది.

దీన్ని కొంత మార్చింది స్త్రీ వైద్యులే. కృష్ణకి అవతల గుంటూరులో 1883లో దిగిన అమెరికన్ లూథరన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1898 నాటికి ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి కట్టించింది. పరాయి మొగాడికి ఒళ్ళు చూపించని ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని బయటికి రావడానికి అదొక దారి అయింది. తర్వాతి తరంలో కొమర్రాజు అచ్చమాంబ. భండారు అచ్చమాంబ తమ్ముడు లక్ష్మణరావు కూతురు. మేనత్త పోయిన మరుసటేడు, 1906లో, పుట్టి ఆమె పేరే పెట్టుకున్న మనిషి. మద్రాసులో వైద్యం చదివి బెజవాడలో ప్రాక్టీసు పెట్టింది. కమ్యూనిస్టు ఉద్యమంలో తిరిగింది, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి వెళ్ళింది. 'ప్రసూతి - శిశుపోషణ' అని పుస్తకం రాసింది. మేనత్త కాలంలో నెమ్ము చేసిన బిడ్డకి ఏ డాక్టరు దగ్గరా మందు లేదు. సల్ఫా మందులు వచ్చింది 1930ల చివర, పెన్సిలిన్ 1940లలో. మేనకోడలి కాలానికి మందుంది. మందున్న చోటికి బిడ్డ చేరడమే కష్టం.

ఇక ఉప్పెనలు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చింది. బందరూ చుట్టుపక్కలా కలిసి 30,000 మంది దాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది. అధికారిక లెక్కే 10,000 దరిదాపుల్లో. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. రెండూ కార్తీకంలోనే. అంటే వానలు అయిపోయి మంచు దిగబోయే సంధిలో, కోతల ముందు.

అప్పుడు మా పిన్నిది నాగాయలంక అవతల ఊరు. ఇరవై నాలుగేళ్ళు. చంకలో అయిదు నెలల పాప. నీళ్ళు వచ్చినప్పుడు పిన్ని తుమ్మచెట్టు పట్టుకుని, పాపని కొంగుతో మెడకి కట్టుకుని తెల్లారేదాకా ఉంది. తుమ్మముళ్ళ మచ్చలు చేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి. పాప బతికింది. రెండు రోజులు నడిచీ, ఎవరో లారీ ఎక్కించుకుంటే ఎక్కీ అవనిగడ్డ చేరారు. అక్కడ ఒక బడి గదిలో వందమందితో పాటు పడుకున్నారు. ఒంటి మీద అదే చీర. తర్వాత అమ్మమ్మ ఇంటికి, గుడివాడ వైపు తీసుకొచ్చారు. అప్పటికే పాప దగ్గుతోంది. నాకు ఎనిమిదేళ్ళు, ఆ దగ్గు నాకు గుర్తుంది. దగ్గు కాదది, చిన్న మూలుగు. అమ్మమ్మ పాప చొక్కా పైకెత్తి చూసి "డొక్కలెగరేస్తందే" అంది. తమలపాకుకి ఆముదం రాసి వెచ్చచేసి గుండెల మీద వేశారు. తొమ్మిదో రోజున ఒక ఆసుపత్రి వరండాలో పోయింది. ఇంత ఆలస్యంగానా తెచ్చేది అన్నాడట డాక్టరు.

ఇంటికొచ్చిన చుట్టాలు ఏమన్నారో కూడా నాకు గుర్తుంది. "తడికోకతో పాలిచ్చింది, నెమ్ము దిగింది" అన్నారు. ఒకళ్ళు కాదు, వచ్చిన ప్రతివాళ్ళూ. పిన్నికి ఇంకో కోక లేదు. ఊరే లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళే ఆ మాట అన్నారు. వాళ్ళు క్రూరులని నేననను. బిడ్డ పోయిన ఇంట్లో ఏదో ఒక కారణం చెప్పుకోకపోతే ఊపిరాడదు, చేతికందే కారణం ఎప్పుడూ తల్లే. పాప ఉప్పెన లెక్కలోకి రాలేదు. ఇంట్లో కూడా ఇప్పటికీ అలాగే చెప్తారు. ఉప్పెన నుంచి బతికి బయటపడింది, నెమ్ము చేసి పోయింది అని.

వైద్యం ఏమంటుంది? తడిబట్ట న్యుమోనియా తెప్పించదు. తెప్పించేది సూక్ష్మజీవి. అయితే అయిదు నెలల ఒళ్ళు చలికి చల్లబడితే తట్టుకునే బలం తగ్గుతుంది, ఉప్పునీళ్ళు బురదతో సహా లోపలికి పోయి ఉండవచ్చు, వందమంది కిక్కిరిసిన గదిలో ఎవరి జలుబైనా అంటుకోవచ్చు. ఇందులో ఏదీ పిన్ని చేసింది కాదు. నిజానికి అయిదు నెలల పాపకి ఆ పరిస్థితిలో చెయ్యగలిగిన ఒకే ఒక్క సాయం పాలివ్వడం. అదే ఆమె చేసింది, దానికే నింద పడింది.

బాలింతల పథ్యాలన్నీ ఈ నింద చుట్టూ అల్లినవే. తలంటుకోకు, పెరుగు తినకు, దోసకాయ తినకు, అరటిపండు ముట్టకు, నీ ఒంట్లో చలవ పాల ద్వారా బిడ్డకి దిగుతుంది. తల్లి తిండి తగ్గిపోవడం తప్ప బిడ్డ గుండెకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ వేస్తారు, జలుబు చెయ్యకూడదని. ఆ పొగే పసి ఊపిరితిత్తులకి పడదు. ఆయాసం ఎక్కువైతే పొట్ట మీద వాతలు పెట్టేవాళ్ళు. ఆ మచ్చలున్న పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. వీటిని పూర్వజ్ఞానం అని నేను నెత్తిన పెట్టుకోలేను. కాని అదే అమ్మమ్మలకి ఇంకొకటి తెలుసు, అది డాక్టర్లు చాలా ఆలస్యంగా నేర్చుకున్నారు. చొక్కా పైకెత్తి డొక్కలు చూడటం.

1980లలో పాపువా న్యూ గినీ కొండ ఊళ్ళలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరు, ఎక్స్‌రే, స్టెతస్కోపు లేకుండా న్యుమోనియాని ఎలా పట్టుకోవచ్చో చూశాడు. రెండే గుర్తులు సరిపోయాయి. ఊపిరి ఎంత జోరుగా ఉంది, డొక్కలు లోపలికి లాగుతున్నాయా. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే నియమంగా మార్చింది. నిమిషానికి రెండు నెలల్లోపు బిడ్డకి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్ళలోపు 40, అంతకు చేరితే న్యుమోనియా అనుకోవాలి. మన పొరుగునే గడ్చిరోలిలో, సిరోంచ వైపు తెలుగు మాట్లాడే ఊళ్ళున్న జిల్లాలో, అభయ్ బంగ్, రాణీ బంగ్‌లు ఊళ్ళోని ఆరోగ్య కార్యకర్తలకీ చదువురాని మంత్రసానులకీ ఊపిరి లెక్కపెట్టడం, మందు ఇవ్వడం నేర్పారు. 1990లో లాన్సెట్‌లో అచ్చయిన వాళ్ళ ఫలితం ప్రకారం ఆ ఊళ్ళలో పిల్లల న్యుమోనియా చావులు మిగతా ఊళ్ళతో పోలిస్తే సగానికి పైగా తగ్గాయి. 'అజ్ఞానం' అని శిశుపోషణ పుస్తకాలు తీసిపారేసిన ఆడవాళ్ళే ఆ పని చేసింది. మా అమ్మమ్మకి డొక్కలు కనిపించాయి. ఆమె చేతిలో తమలపాకుకి బదులు మందు ఉండి ఉంటే అని అనుకోకుండా ఉండలేను.

ఎవరి డొక్కలు చూస్తారనేది ఇంకో ప్రశ్న. 2005 నాటి చావుల మీద దేశవ్యాప్తంగా ఇంటింటికీ తిరిగి చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. నెల దాటి అయిదేళ్ళలోపు పోయిన పిల్లల్లో సగం మంది న్యుమోనియా, విరేచనాలు ఈ రెండింటితోనే పోయారు. మధ్య భారతంలో ఆడపిల్లలు న్యుమోనియాతో పోయే రేటు దక్షిణాది మొగపిల్లల రేటుకి అయిదింతలు. వైరస్‌కి ఆడా మగా తేడా అంతగా తెలియదు. ఆటో డబ్బులు తీసేవాళ్ళకి తెలుసు.

పొయ్యి దగ్గరికి మళ్ళీ వస్తాను. కిర్క్ స్మిత్ 1980ల మొదట్లో గుజరాత్ పల్లెల్లో వంట చేసే ఆడవాళ్ళు పీల్చే పొగని కొలిచాక గాని పొగ ఆరోగ్య సమస్య అని విధానాలు చేసేవాళ్ళకి ఎక్కలేదు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల. గ్యాసు పొయ్యి ఆడవాళ్ళకి ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. అయితే బిడ్డల న్యుమోనియాకి అదే మందు అనుకున్నవాళ్ళకి ఫలితాలు మింగుడుపడలేదు. గ్వాటెమాలాలో చిమ్నీ పొయ్యిల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో తీవ్రమైన న్యుమోనియా కొంత తగ్గింది. గ్వాటెమాలా, పెరూ, రువాండాలతో పాటు మన తమిళనాడులో మూడు వేలమందికి పైగా గర్భిణుల ఇళ్ళలో చేసి 2024లో అచ్చయిన పెద్ద పరీక్షలో, ఉచితంగా గ్యాసిచ్చినా పసిపిల్లల్లో తీవ్రమైన న్యుమోనియా చెప్పుకోదగ్గంత తగ్గలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం కనపడలేదు. గ్యాసు వచ్చినా గది ఒక్కటే, బిడ్డ పుట్టినప్పటి బరువు అంతే, ఊడ్పులకి వెళ్ళే తల్లి వెళ్తూనే ఉంది. ఆడవాళ్ళ చేతికి ఒక వస్తువు ఇచ్చి సమస్య తీరిపోయిందనుకోవడం ప్రభుత్వాలకి పాత అలవాటు.

టీకాలు నిజంగానే చాలా మార్చాయి. కోరింతదగ్గు, తట్టు వెనక్కి తగ్గాయి. న్యుమోకాకల్ టీకా 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పట్టికలోకి వచ్చింది. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2019 నుంచి కేంద్రం 'సాంస్' పేరుతో న్యుమోనియా మీద ప్రచారం నడుపుతోంది. ఆశా కార్యకర్తలు ఊపిరి లెక్కపెడతారు, ఏఎన్ఎంలు మొదటి డోసు ఇచ్చి ఆసుపత్రికి పంపుతారు. ఆ ప్రచారానికి పెట్టిన రోజులు నవంబరు 12 నుంచి ఫిబ్రవరి చివరి దాకా. ఢిల్లీ చలికి అది సరిపోతుంది. మన ఊడ్పుల వానలు ఆ తేదీల్లో పడవు. జులైలో, ఆగస్టులో, తల్లి పొలంలోనూ పొయ్యి లోపలా ఉన్న నెలల్లో, గోడల మీద పోస్టర్లు ఉండవు. పసిబిడ్డల ఊపిరికి క్యాలెండర్ వేసేటప్పుడు నారుమడి ఎప్పుడు పోస్తారో ఎవర్నైనా ఆడమనిషిని అడిగితే బాగుండేది.

ఈమధ్య ఒక శ్రావణంలో పిన్ని దగ్గరికి వెళ్ళాను. డెబ్భై దాటింది. దివిసీమలోనే ఉంటోంది, ఉప్పెన తర్వాత కట్టిచ్చిన కాలనీ ఇంట్లో. ముసురు పట్టి మూడో రోజు. పక్కింటి కోడలు ఎనిమిది నెలల పిల్లని ఎత్తుకుని అరుగు మీద కూర్చుంది, అప్పుడే నాట్ల నుంచి వచ్చినట్టుంది, కాళ్ళకి బురద ఆరలేదు. ఆశా అమ్మాయి వచ్చి ఫోన్లో టైము పెట్టుకుని పిల్ల పొట్ట వైపు చూస్తూ లెక్కపెడుతోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి మజ్జిగన్నం తినొద్దంటే విన్నదా అని సణుగుతోంది. పిన్ని తన అరుగు మీద నుంచే మెడ చాచి చూసింది.

"ఎగరేస్తందమ్మాయ్, లెక్కెందుకు" అంది.

"ఉండండి మామ్మగారూ, నిమిషం పూర్తి కావాలి" అంది ఆశా అమ్మాయి. యాభై ఆరు వచ్చింది. వెంటనే ఆటోకి ఫోన్ చేసింది. కోడలు లేచి పిల్లని తడి కొంగులో చుట్టుకోబోయింది. పిన్ని "ఆగు" అని కేకేసి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. బయటికొచ్చేసరికి ఆవిడ చేతిలో ఒక పొడి దుప్పటి, ఒక పొడి చీర ఉన్నాయి.